గుడారం కన్నా ముందు నీళ్ళు

మా ఊరు ముద్దనూరు పక్కనే. బెంగుళూర్లో ఈ మాట చెప్తే ఇదివరకు "అదెక్కడ?" అనేవాళ్ళు. ఇప్పుడు "ఓ, గండికోట దగ్గరా!" అంటున్నారు. చిన్నప్పుడు మాకు గండికోట అంటే బడి వాళ్ళు తీసుకుపోయే చోటు, పులిహోర పొట్లాలు, కోతులు, అంతే. ఇప్పుడది ఇండియా గ్రాండ్ క్యానియన్ అయి కూర్చుంది. శుక్రవారం రాత్రి బస్సెక్కడం, శనివారం రాత్రి లోయ ఒడ్డున గుడారంలో పడుకోవడం, ఆదివారం సూర్యోదయానికి ఫోటోలు దిగడం, సోమవారం పొద్దున స్టాండప్ మీటింగులో ఆవలించడం... మన సాఫ్టువేరు జనాలకి ఇదొక ఆచారమైపోయింది.

నేనూ పాటించాను. రెండేళ్ళ కిందట మా టీము ముప్ఫై ఐదుమందిమి వెళ్ళాం. "నువ్వు లోకల్ కదా, ఏర్పాట్లు నువ్వే చూడు" అన్నారు. నేనేమో ఫోన్లో దొరికిన ఒకాయనకి డబ్బు కట్టేసి చేతులు దులుపుకున్నాను. గుడారాలు వరసగా, ముచ్చటగా వేశారు. రాత్రి పదకొండు దాటాక వాన మొదలైంది. పెద్ద వానేం కాదు. కానీ గుడారాలు వేసింది రెండు బండల మధ్య కాస్త పల్లంగా, మెత్తటి మట్టి ఉన్న చోట. మేకులు దిగాలంటే మట్టి ఉండాలి కదా. అయితే అంత బండ మీద ఆ ఒక్క చోటే మట్టి ఎందుకుంటుంది? వాన నీళ్ళు తెచ్చి పోస్తేనే ఉంటుంది. ఈ సంగతి మా ముప్ఫై ఐదు ఇంజనీరింగు డిగ్రీల్లో ఒక్కదానికీ తట్టలేదు. అరగంటలో గుడారాలన్నీ చెరువులు.

అది నవ్వుకునే భాగం. నవ్వుకోలేనిది ఇంకోటి ఉంది. మాతో పాటు ఇంకో రెండు గుంపులు, మొత్తం ఎనభైమంది దాకా ఉన్నాం. మరుగుదొడ్లు రెండే. వాటి గుంట మిట్ట మీద, తాగే నీళ్ళ తొట్టి దాని కింద. వాన పడ్డాక ఏది ఎటు పారి ఉంటుందో మీరే ఊహించుకోండి. మంగళవారానికి మా టీములో నలుగురు వాంతులు, విరేచనాలతో సెలవు పెట్టారు. ఆ నీళ్ళ వల్లేనని నేను రుజువు చెయ్యలేను. కాదని నన్ను నేను నమ్మించుకోనూ లేను.

ఆదివారం తిరుగు దారిలో ముద్దనూర్లో మా మామ ఇంటికి తడిసిన కోళ్ళలాగా చేరాం. కథంతా విని ఆయన ఒకటే అడిగాడు. "డేరా ఏసేముందర నీళ్ళు యాడ్నించొచ్చి యాడికి పోతాయో సూడల్యాదారా అబ్బీ? ఇంజనీర్లంటిరి!"

"సాఫ్టువేరు, మామా" అన్నాను సిగ్గు లేకుండా.

సిగ్గు తర్వాత వచ్చింది. ఆ సిగ్గుతోనే, అసలు మన వైపు గుడారాల్లో బతికిన జనం ఎవరు, వాళ్ళు చోటు ఎలా చూసుకునేవాళ్ళు అని చదవడం మొదలుపెట్టాను. మాస్టర్ ప్లాన్ అన్న మాట లేకపోయినా ఆ పని మాత్రం చాలా పాతది. చదివిన కొద్దీ తెలిసిందేంటంటే, విడిది పటం చూస్తే ఆ పటం గీసినవాడు దేన్ని లెక్కపెట్టాడో, దేన్ని లెక్కలోకి తీసుకోలేదో ఇట్టే తెలిసిపోతుంది.

మొదట రాయలవారి దగ్గర్నుంచి. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు మీదికి దండెత్తినప్పటి విడిది గురించి ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాశాడు. ఈయన విజయనగరంలో ఉన్నది 1535 ప్రాంతంలో. అంటే కళ్ళారా చూసింది కాదు, చూసినవాళ్ళు చెప్పగా రాసింది. రాబర్ట్ సూయెల్ దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేయించకుండా తనే చేసి 1900లో విజయనగరం మీద తన పుస్తకంలో వేశాడు. నూనిజ్ చెప్పిన అంకెలు (ఏడు లక్షల పైచిలుకు కాల్బలం, ముప్ఫై రెండు వేల గుర్రాలు, ఐదొందల పైన ఏనుగులు) చరిత్రకారులు యథాతథంగా నమ్మరు. నేనూ నమ్మను. కానీ విడిది అమరిక గురించి చెప్పినప్పుడు మాత్రం ఆయన మాట కొట్టిపారేసేలా ఉండదు. అలాంటి వివరాలు కల్పించి ఎవడికీ లాభం లేదు.

నడుమ రాజు గుడారం. దాని చుట్టూ ముళ్ళకంప కంచె, కంచెకి ఒకే ఒక్క వాకిలి. లోపల పూజ చేసే బ్రాహ్మడు, రాజు స్వంత పరివారం. కంచె బయట చుట్టూతా కొలిచిన దూరాల్లో రాత్రంతా కాపలా. ఆ తర్వాత నాయకులు, ఎవరికి కేటాయించిన చోట వాళ్ళు. వీళ్ళందరికీ అవతల, రాత్రుళ్ళు తిరిగి గూఢచారుల్ని పట్టుకునే వాళ్ళకి వేరే విడిది. ఇంకో పక్కన బట్టలుతికే వాళ్ళకి వేరే విడిది, వాళ్ళ పనికి అనువైన నీళ్ళ దగ్గర. మొత్తం విడిదిలో వీధులు. ఒక్కో నాయకుడి దళానికి ఒక్కో బజారు. అందులో మాంసం, ధాన్యం మొదలుకుని నగలు చేసే కంసాలుల దాకా.

ఆ ఉతికేవాళ్ళ విడిది దగ్గర నేను ఆగిపోయాను. అది నదికి దిగువనుందని నూనిజ్ రాయలేదు, ఆ మాట నా ఊహే. కానీ లక్షమంది ఉన్న చోట మురికి నీళ్ళ పని ఎక్కడ జరగాలో ముందే అనుకుని, దానికో చోటు కేటాయించారన్నది మటుకు ఊహ కాదు. మన గండికోట క్యాంపు నిర్వాహకుడికి తట్టనిది, ఐదొందల ఏళ్ళ కిందటి దండు నడిపినవాళ్ళకి తట్టింది.

దారిలో నీళ్ళ సంగతి కూడా నూనిజ్ చెప్తాడు. తోలు తిత్తుల్లో నీళ్ళు మోసేవాళ్ళు పన్నెండు వేలమందిట. దారి పొడుగునా నిలబడి, తెచ్చిపెట్టే మనుషులు లేనివాళ్ళకి నీళ్ళిచ్చేవాళ్ళు. ఒక ఏరు దాటేటప్పుడు మొదటివాళ్ళకి మోకాలి సగానికి నీళ్ళున్నాయి. సగం దండు దాటేసరికి చుక్క లేదు. వెనకవాళ్ళు ఇసకలో చెలమలు తవ్వుకున్నారు. పెన్నలో చెలమ తవ్వి నీళ్ళు తోడుకున్న ఏ జమ్మలమడుగు మనిషికైనా ఈ బొమ్మ కళ్ళకి కట్టినట్టుంటుంది. మన భాషలో చెప్పాలంటే, కెపాసిటీ ప్లానింగు ఎంత చేసినా మొదటి సగం రిక్వెస్టులకే సర్వరు ఖాళీ అయిపోయింది :)

ఇక మొగలాయీల విడుదులు. ఇది త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే దీని మీద పుస్తకాలు బోలెడున్నాయి. అబుల్ ఫజల్ రాసిన ప్రకారం అక్బరు విడిదిని మొయ్యడానికి 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బళ్ళు కావాలి. డేరాలు రెండు సెట్లు. ఒకదాంట్లో పాదుషా ఉండగా రెండోది తర్వాతి మజిలీలో వేస్తుంటారు. హాట్ స్టాండ్‌బై అన్నమాట. ప్రతి మజిలీలోనూ పటం అదే, కాబట్టి కొత్త చోటైనా ఎవడి డేరా ఎక్కడో వాడికి తెలుస్తుంది. నడుమ ఎత్తైన స్తంభం మీద ఆకాశదీపం. ఔరంగజేబుతో కాశ్మీరు దాకా వెళ్ళిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, సాయంత్రం వంటల పొగలో దారి తప్పినప్పుడు ఆ దీపమే దిక్కని రాశాడు.

ఆ సంప్రదాయంలో ఒక ముక్క మన గండికోటకీ వచ్చింది. పెమ్మసాని నాయకుల చేతిలోంచి కోట లాక్కున్న గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాని చూడ్డానికి 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి వచ్చాడు. అంత కోట గెలిచిన మనిషి దర్బారు తీర్చింది మేడలో కాదు, డేరాలో. చెప్పుల్లేకుండా కూర్చుని, కాలి వేళ్ళ సందుల్లో కొన్ని కాగితాలు, ఎడమ చేతి వేళ్ళ సందుల్లో కొన్ని కాగితాలు ఇరికించుకుని, ఒక్కోటీ తీసి జవాబు చెప్పి రాయించేవాడట. ట్యాబులు ఎక్కువ తెరుచుకుని తిట్లు తినే మిత్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకుని మీ మేనేజరుకి చెప్పండి.

సరే, అసలు సంగతికొస్తాను. పైవన్నీ రాజుల విడుదులు. నన్ను కదిలించినవి ఆ తర్వాతవి.

1800లో నిజాము ఈ జిల్లాల్ని కంపెనీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. ఈయన కచేరీ చాలావరకు డేరాల్లోనే నడిచింది. ఊరూరూ తిరగడం, పొలాలు కొలిపించడం, రైతులతో నేరుగా మాట్లాడ్డం. ఇక్కడ విడిది నడుమ రాజు లేడు, కాగితాలున్నాయి. కంచె వాకిలి కాపలా కోసం కాదు, రైతు లోపలికి రావడానికి. (మరీ పొగడ్డం లేదు, ఆయన వేసిన శిస్తు తక్కువేమీ కాదు.)

మన్రో అంటే మా వైపు ఒక కథ ఉంది. వేంపల్లె దగ్గర, పాపఘ్ని కొండని చీల్చుకుని వచ్చే గండిలో ఆంజనేయస్వామి గుడి ఉంది. పులివెందుల వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండు కొండల మధ్యా వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడనీ, చావు దగ్గర పడినవాళ్ళకే అది కనిపిస్తుందనీ నమ్మకం. మన్రో ఆ దారిన వెళ్తూ "ఆ తోరణం ఎవరు కట్టారు?" అని అడిగాడట. పక్కనున్నవాళ్ళు నోరు మూసుకున్నారట. మా అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ కావాలనే ఆగి, తమలపాకు నమిలేది.

కథ మాటెలా ఉన్నా, చరిత్ర ఇది. మద్రాసు గవర్నరయ్యాక, పదవి వదిలి వెళ్ళిపోయే ముందు మన్రో 1827లో చివరిసారి ఈ జిల్లాల్లో పర్యటనకొచ్చాడు. గుత్తికి చేరేసరికి ఆయన విడిదిలో కలరా ఉంది. జులై 6న పొద్దున పత్తికొండకి చేరారు. ఆ పూటే ఆయనకీ తగులుకుంది, ఆ రాత్రికే ప్రాణం పోయింది. గుత్తిలో పూడ్చిపెట్టి, తర్వాత మద్రాసుకి తరలించారు. పాతికేళ్ళు గుడారాల్లో బతికిన మనిషి, గుడారాల జబ్బుతోనే పోయాడు.

కలరా నీళ్ళతో వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు. లండన్లో జాన్ స్నో బోరింగు పంపు లెక్క తేల్చింది 1854లో. కాబట్టి విడిది వేసినవాళ్ళని తప్పుపట్టలేం. కానీ ఒక్క వివరం మాత్రం నన్ను వదలదు. ఆయన జ్ఞాపకంగా సర్కారు పత్తికొండలో తోపు వేయించి, రాతిమెట్లతో బావి తవ్వించింది. మెట్లబావి! కాళ్ళు కడుక్కున్నవాడి నీళ్ళే కడవలోకి వచ్చే బావి. కలరాతో పోయిన మనిషికి. ఎంతో ప్రేమతోనే కట్టారు పాపం.

ఇక్కడ్నుంచి యాభై ఏళ్ళు ముందుకి వస్తే ధాత కరువు. ధాత నామ సంవత్సరం, అంటే 1876. కరువు 1878 దాకా నడిచింది. మద్రాసు రాజధానిలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కడప, కర్నూలు, బళ్ళారి ఉన్నాయి. ఒక్క అంకె చెప్తాను. 1871 జనాభా లెక్కల్లో కడప జిల్లా జనం సుమారు 13.5 లక్షలు. 1881లో సుమారు 11.2 లక్షలు. పదేళ్ళలో పెరగాల్సింది పోయి రెండు లక్షల ముప్ఫై వేలు తగ్గింది. పోయినవాళ్ళు కొందరు, వలసెళ్ళినవాళ్ళు కొందరు.

రైలు లేక కాదు. మద్రాసు నుంచి కడప, ముద్దనూరు, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు మార్గం 1871కే పూర్తయింది. స్నో చెప్పిన సంగతీ అప్పటికి ఇరవై ఏళ్ళ పాతది. అంటే ఈసారి తెలియదన్న సాకు లేదు.

1877 జనవరిలో కలకత్తా సర్కారు సర్ రిచర్డ్ టెంపుల్ని మద్రాసుకి పంపింది. పని చెప్పాలంటే, ఖర్చు తగ్గించమని. ఆయన కరువు పనులకొచ్చిన మగమనిషి రోజు కూలీని ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లరకి కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీని మీద గట్టిగా పోట్లాడాడు. జైల్లో ఖైదీకి ఇంతకన్నా ఎక్కువ పెడుతున్నాం కదా అన్నాడు. కొన్ని నెలలకి ఆ కూలీ మళ్ళీ పెంచారు. ఈ తిండి గొడవ గురించి చాలామంది రాశారు. చోటు గొడవ గురించి అంతగా రాయలేదు, కానీ నా దృష్టిలో అదీ అంత ముఖ్యమే.

ఏంటంటే, కరువు పని ఇంటి దగ్గర ఇవ్వకూడదు. పది మైళ్ళ అవతల ఉండాలి, జనం వెళ్ళి అక్కడే విడిది చెయ్యాలి. దీనికి దూర పరీక్ష అని పేరు. నిజంగా ఆకలిగా ఉన్నవాడైతే ఇల్లు వదిలి నడిచి వస్తాడు, ఊరికే కూలీ కోసం వచ్చేవాడు రాడు అని తర్కం. రాజు విడిదిలో చోటు నీళ్ళని బట్టి ఎంచారు. ఇక్కడ చోటుని వడపోతగా వాడారు. మనం వెబ్‌సైట్లలో రోబోలు రాకుండా వంకర అక్షరాలు పెడతామే, అలాంటిది. కాకపోతే ఇక్కడ పరీక్ష తప్పినవాడు బక్కచిక్కి పది మైళ్ళు నడవలేనివాడు. సాయం ఎవరికి ముందు అందాలో వాళ్ళే వడపోతలో ఆగిపోయారు.

నడిచి చేరినవాళ్ళకైనా బాగుందా అంటే, అదీ లేదు. ఒంట్లో శక్తి లేని వేలమందిని ఒకే చోట చేర్చి, నీళ్ళూ దొడ్డీ వేరు చెయ్యకపోతే ఏమవుతుందో అదే అయింది. సహాయ శిబిరాల్లో కలరా, జిగట విరేచనాలు. ఆకలి చంపకముందే విడిది చంపింది. ధాన్యం తూకం పౌనుల్లో లెక్కపెట్టిన సర్కారు, మనిషికి ఎన్ని కడవల నీళ్ళు కావాలో, అవి ఎక్కడ్నుంచి వస్తాయో అంత శ్రద్ధగా లెక్కపెట్టలేదు. ఆ చావుల తర్వాత 1880లో కరువు కమిషను నివేదిక, 1883లో ఫామిన్ కోడ్ వచ్చాయి. కరువొస్తే ఎవరేం చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. పోస్ట్‌మార్టం డాక్యుమెంట్ రాయించడానికి ఎంతమంది పోవాల్సొచ్చిందో చూడండి.

మా అవ్వకి ధాత కరువు తెలీదు, ఆమె పుట్టకముందుది. ఆమెకి తెలిసింది 1952 ప్రాంతంలో రాయలసీమ కరువు, గంజి కేంద్రాలు. సైన్యం వచ్చి బావులు తవ్వడం ఆ కరువులోనే. అవ్వ గంజి రుచి గురించి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పిందల్లా గంజి పోసే చోటుకి ఎంత దూరం నడవాల్సొచ్చేదో, చేరేసరికి వరస ఎంతుండేదో. డెబ్భై ఏళ్ళ తర్వాత కూడా ఆమెకి గుర్తున్నది దూరమే.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ ఒక పుస్తకంలో పెట్టేశారు. విపత్తుల్లో సహాయం చేసే సంస్థలు కలిసి 1997లో స్ఫియర్ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాయి. వాళ్ళ చేతిపుస్తకం ప్రకారం మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్ళు. 20 మందికి ఒక మరుగుదొడ్డి. అది పడుకునే చోటికి 50 మీటర్లు దాటకూడదు, నీటి వనరుకి 30 మీటర్లలోపు ఉండకూడదు. శిబిరంలో దారులూ వంటా అన్నీ కలుపుకుని మనిషికి 45 చదరపు మీటర్లు. ఇవి శరణార్థులకి, అన్నీ పోగొట్టుకున్నవాళ్ళకి ఇవ్వాల్సిన కనీసం. మనిషికి రెండు వేలు కట్టి మేం గండికోటలో పడుకున్న రాత్రిని దీంతో పోల్చి చూశాను. ఎనభైమందికి నాలుగు మరుగుదొడ్లు ఉండాలి, రెండున్నాయి. నీటి తొట్టికీ గుంటకీ మధ్య దూరం నా లెక్కన పదిహేను అడుగులు. అన్నిటికన్నా చక్కగా అమిరింది ఒక్కటే, లోయ వైపు వ్యూ.

అక్కడి చిన్న నిర్వాహకుల్ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. చుట్టుపక్కల కుర్రాళ్ళకి వారాంతంలో నాలుగు రూపాయలు వస్తున్నాయి, రావాలి కూడా. నేను ఫోన్లో అడిగింది కూడా "వ్యూ ఎలా ఉంటుంది, సౌండ్ సిస్టం ఉందా" అనే. నీళ్ళెక్కడివని అడగలేదు. అడగనిదానికి ఎవడు జవాబు తయారు పెట్టుకుంటాడు? పైగా కోటలోపల కత్తుల కోనేరు, గుళ్ళూ మసీదూ, ధాన్యాగారం చూసి "అబ్బ, ఎంత బాగా కట్టారో" అని వచ్చిన మనుషులం మేము. ఆ కోట కట్టినవాళ్ళు కొండమీద ముందు చూసుకున్నది నీళ్ళని, ఆ తర్వాతే గోడలు.

పోయిన సంక్రాంతికి మా బంధువుల పిల్లలు పద్దెనిమిది మంది మళ్ళీ గండికోటలో గుడారాలంటూ పట్టుబట్టారు. ఈసారి మామని ముందు కూర్చోబెట్టుకుని వెళ్ళాను. కోటకి ఇవతల, తెలిసినాయన చేను ఒకటి ఉంటే అడిగాం. మామ చేలో అటూ ఇటూ నడిచి, రెండు చోట్ల నీళ్ళ సీసా ఒంపి ఎటు పారుతుందో చూశాడు. మరుగుకి గుంట పల్లం వైపు, గాలికి దిగువన. నీళ్ళ డ్రమ్ము మిట్టన. పొయ్యి గుడారాలకి దూరంగా. నేను పక్కన నిలబడి అడుగులు కొలిచి కాగితం మీద రాసుకున్నాను. పద్దెనిమిది మందికి పదిహేను లీటర్ల లెక్కన రెండొందల డెబ్భై లీటర్లు, రెండు డ్రమ్ములు.

"లోయ కనపడ్డంలే మామా ఈడ్నుంచి" అంది మా చెల్లెలి కూతురు, మొహం మాడ్చుకుని.

"పొద్దన్నే లెయ్యి. నడిపించకపోతాను" అన్నాడు మామ. ఐదున్నరకి లేపి నడిపించాడు. పది నిమిషాల దారి.